0.50 మిల్లీమీటర్లు అన్నారు, వచ్చింది 0.36: రేకులు కొనేవాళ్లు తూకం వేశాకే దింపుకోండి

మేడ మీద రేకుల షెడ్డు వేయిద్దామనుకుంటున్నారా? బయానా ఇవ్వకముందే ఇది ఒకసారి చదవండి. మాది హైదరాబాద్ శివారు బోడుప్పల్. పోయిన ఏడాది ఫిబ్రవరిలో వేయించిన షెడ్డు, మే నెలలో వచ్చిన ఒక సాయంత్రపు గాలివానకే లేచింది. మూడు రేకులు ఊడిపోయాయి. అందులో ఒకటి పక్కింటి నీళ్ల ట్యాంకు మీద పడింది. ఆరేసిన బట్టలు తీసుకుని వాళ్ల అబ్బాయి అప్పుడే కిందికి దిగాడట. ఇంకో రెండు నిమిషాలు అక్కడే ఉండుంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ టెన్షనే.

షాపు పేరు రాయడం లేదు. ఎందుకో కింద చెబుతాను.

మా స్లాబు కారుతోంది, పైగదులు ఎండాకాలం పెనంలా కాలుతున్నాయి, అమ్మకు వడియాలు పెట్టుకోవడానికి కోతుల బెడద లేని చోటు కావాలి. ఈ మూడింటికీ కలిపి రేకుల షెడ్డే మందు అనుకున్నాం. రాణిగంజ్‌లో ఒక షాపు, ఫతేనగర్‌లో ఒక షాపు అడిగాను. 0.50 మిల్లీమీటర్ల మందం, రంగు పూత ఉన్న రేకు చదరపు అడుగు 62, 64 రూపాయలు చెప్పారు. మూడో షాపు మా ఇంటికి దగ్గరలోనే ఉంది. అతను 54 అన్నాడు. "గదే మాల్ సార్. మేమే రోల్ చేస్తం, నడుమ డీలర్ లేడు, గందుకే తక్కువ" అన్నాడు. మాట నమ్మేలాగే ఉంది. పైగా శాంపిల్ ముక్క చేతికిచ్చాడు, వంచబోతే వంగలేదు. ఆ ముక్క ఇంకా ఆ షాపులోనే ఉండి ఉంటుంది, ఎంతమంది చేతులు మారిందో.

ఇరవై రేకులు, ఒక్కొక్కటి 16 అడుగులు. మొత్తం 1,120 చదరపు అడుగులకు 60,480 రూపాయలు. జీఎస్టీ బిల్లు కావాలంటే ఇంకో 18 శాతం పడుతుందన్నాడు. ఇంట్లో వేసుకునే రేకులకు బిల్లెందుకులే అనుకున్నాను. చిన్న చీటీ మీద "కలర్ రేకులు 20" అని రాసిచ్చాడు. అదే నా దగ్గరున్న రుజువు మొత్తం.

బండి రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చింది. పగలు పెద్ద రేకులతో సిటీలో తిరగనివ్వరన్నారు, సరే అనుకున్నాను. కుర్రాళ్లు తాడు కట్టి రెండేసి రేకులు ఒకేసారి సునాయాసంగా పైకి లాగేస్తుంటే, ఎంత బలమో అని మెచ్చుకుని టీ కూడా తెప్పించాను. వాళ్లు బలంగా ఉండటం కాదు, రేకులు తేలికగా ఉన్నాయి. అది నాకు తట్టలేదు.

గాలివాన మర్నాడు మా బావమరిది వచ్చాడు. వాడు బాలానగర్‌లో లేత్ పని చేస్తాడు, మైక్రోమీటర్ ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది. వంకర తిరిగిన రేకు ముక్కను అందులో పెట్టి చూసి, "బావా, ఇది 0.50 అని నీకెవరు చెప్పారు?" అన్నాడు. మూడు చోట్ల కొలిచాం, రంగుతో కలిపి 0.36 మిల్లీమీటర్లు. కింద పడి ఉన్న మంచి రేకును కొక్కెం కాటాకు వేలాడదీస్తే 16 కిలోలు.

ఈ తూకం లెక్క కాస్త ఓపిగ్గా చదవండి, నేను చెప్పదలుచుకున్నదంతా ఇందులోనే ఉంది. ఒక మిల్లీమీటర్ మందం ఉన్న ఉక్కు రేకు చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. మనం కొనే మడతల రేకును సాధారణంగా 1,220 మిల్లీమీటర్ల వెడల్పున్న చుట్ట నుంచి మడతలు పెట్టి తీస్తారు. మడతలు పడ్డాక వెడల్పు మూడున్నర అడుగులకు తగ్గుతుంది, బరువు మాత్రం ఎక్కడికీ పోదు. అంటే 1.22ను మందంతో, 7.85తో హెచ్చిస్తే మీటరు పొడవు రేకు బరువు వస్తుంది. పదహారు అడుగులంటే 4.88 మీటర్లు. పూత ఉక్కు కంటే తేలిక కాబట్టి కాస్త తగ్గించి చూసుకున్నా, 0.50 రేకు 22 కిలోలకు పైనే తూగాలి. నాకు వచ్చింది 16.

ఇంకో లెక్క కూడా వేశాను, అది వేశాక రాత్రి నిద్ర పట్టలేదు. ఇరవై రేకులు 320 కిలోలు, కట్టింది 60,480. కిలోకు 189 రూపాయలు పడింది. అదే 63 రూపాయల లెక్కన అసలైన 0.50 కొనుంటే 70,560కి 450 కిలోల దాకా వచ్చేది, అంటే కిలో 157. బేరమాడి చవగ్గా కొన్నానని ఇంట్లో గొప్పలు చెప్పుకున్నది నేనే!

షాపుకెళ్లి అడిగితే ఏమన్నాడో వినండి. "సార్, యాభై అంటే మార్కెట్ల గట్లనే అంటరు. కరెక్ట్ యాభై కావాల్నంటే రేటు వేరే ఉంటది, మీరు అడగలే." నిజమే, నేను అడగలేదు. ఏ 0.50 అని అడగాలనే నాకు తెలియదు. లోపలి ఉక్కు మందం ఒకటి, దానికి లోహపు పూత, రంగు కలిపిన మొత్తం మందం ఇంకొకటి. మొదటిదాన్ని బీఎంటీ అంటారు, రెండోదాన్ని టీసీటీ అంటారు. మొత్తం 0.50 ఉన్న రేకులో ఉక్కు సుమారు 0.45 ఉంటుంది, అది మోసం కాదు. కానీ కొందరు రేకు పలచగా చేసి పేరు మాత్రం పాతదే ఉంచుతారు. కాబట్టి "ఉక్కు ఎంత, మొత్తం ఎంత, రెండూ బిల్లులో రాయండి" అని అడగండి. రాయడానికి వెనకాడితే ఇంకో షాపు చూసుకోండి.

పూత సంగతి కూడా అప్పటిదాకా నాకు తెలియదు. రంగు రేకులన్నీ ఒకటే అనుకునేవాణ్ని. కొన్నిటికి లోపల ఒట్టి జింకు పూత ఉంటుంది, వాటిని పీపీజీఐ అంటారు. ఇంకొన్నిటికి 55 శాతం అల్యూమినియం, 43 శాతం పైచిలుకు జింకు, కొద్దిగా సిలికాన్ కలిసిన పూత ఉంటుంది, అవి పీపీజీఎల్. రెండోది సాధారణంగా ఎక్కువ కాలం తుప్పును ఆపుతుంది. ఏజెడ్ 150 అని రాసి ఉంటే రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 150 గ్రాముల పూత అని అర్థం. రంగు వేసిన జింకు రేకుకు ఐఎస్ 14246, అల్యూమినియం జింకు రేకుకు ఐఎస్ 15965 ప్రమాణాలు. రేకు వెనకవైపు కంపెనీ పేరు, మందం, పూత ముద్రించి ఉన్నాయో లేదో చూడండి. ఐఎస్ఐ గుర్తు ఉంటే దానితో ఉన్న లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. నా రేకుల వెనక ఒక పేరున్న కంపెనీలాగే వినిపించే పేరుంది, ఒక్క అక్షరం తేడా. మందం అంకె మాత్రం ఎక్కడా లేదు.

ఇక బిగించిన పద్ధతి. తప్పంతా రేకుదే అంటే అన్యాయం అవుతుంది. ఎగిరిపోయిన రేకుల చోట స్క్రూలు పైపులకే ఉన్నాయి, చెక్కుచెదరలేదు. రేకే స్క్రూ తల చుట్టూ చిరిగి పైకి లేచింది. రేకు పలచన కావడం ఒక కారణం. కింది పైపుల మధ్య ఆరున్నర అడుగుల దూరం వదలడం రెండోది. ఈ రకం రేకుకు నాలుగు నుంచి ఐదు అడుగులకు ఒక పైపు ఉండాలని తరువాత తెలిసింది. వెల్డింగు చేసిన అతన్ని ముందే అడిగాను, "చాల్ సార్, ఏం పరేషాన్ గాకుండ్రి" అన్నాడు. నాలుగు పైపులు మిగిలాయి అతనికి.

మన దగ్గర గాలి అంత ఉండదులే అనుకుంటాం, సముద్రం లేదు కదా అని. కట్టడాలకు గాలి లెక్కలు చెప్పే ఐఎస్ 875 మూడో భాగంలో హైదరాబాదుకు పెట్టుకున్న మూల గాలివేగం, అంటే డిజైనుకు ఆధారంగా తీసుకునే వేగం, సెకనుకు 44 మీటర్లు. గంటకు దాదాపు 158 కిలోమీటర్లు! పైగా గోడల్లేని షెడ్డుకు గాలి కింద నుంచి ఎత్తుతుంది, పై నుంచి లాగుతుంది. అంచులు, మూలలు, నడికప్పు దగ్గర ఈ లాగుడు బాగా ఎక్కువ. మాకు పోయిన మూడూ అంచు రేకులే. అందుకని అంచుల్లో స్క్రూలు దగ్గర దగ్గరగా వేయించండి.

స్క్రూల కింద వాషరు ఎండావానలకు తట్టుకునే ఈపీడీఎం రబ్బరుదా, మామూలు రబ్బరుదా అని అడగండి. మాకు వేసినవి మూడు నెలల ఎండకే బీటలిచ్చాయి. మొదటి వానకే ఎనిమిది చోట్ల చుక్కలు పడ్డాయి. మరీ బిగించి వాషరు నలిపేసినా కారుతుంది, వదులుగా వదిలినా కారుతుంది. డ్రిల్లింగ్ అయ్యాక రేకు మీద పడిన ఇనుప రజను అదే రోజు ఊడ్చేయాలి, లేకపోతే వారంలో తుప్పు మచ్చలు లేస్తాయి. గ్రైండరుతో రేకు కోయనివ్వకండి. నిప్పురవ్వలు పడ్డ చోటల్లా పూత కాలిపోతుంది. మా షెడ్డు చూరు అంచంతా ఇప్పుడు తుప్పు గీతే.

రంగు గురించి ఒక్క ముక్క. నేను ముదురు నీలం ఎంచుకున్నాను, అందంగా ఉంటుందని. కింద నిలబడితే మాడు పగిలేంత వేడి. తెల్లనిదో, లేత రంగో తీసుకుంటే బావుండేది. పైకప్పులు వేడెక్కకుండా ఉండాలని 2023లో మన రాష్ట్ర ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. పేపర్లో చదివి పక్కన పెట్టాను, అప్పుడు ఇల్లు గుర్తుకు రాలేదు. అన్నట్టు, అల్యూమినియం జింకు పూత రేకు మీద ఏసీ రాగి పైపు నుంచి కారే నీళ్లు పడకుండా చూసుకోండి. రాగి తగిలిన నీళ్లు ఆ పూతను తినేస్తాయి. పచ్చి సిమెంటు కూడా అంతే.

మళ్లీ బిల్లు దగ్గరికి వస్తాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడారు, మొదటి ప్రశ్న బిల్లు ఉందా అని. చీటీ ఉందన్నాను. అందులో షాపు పేరు, మందం, తేదీ ఉన్నాయా అన్నారు. లేవు. పక్కా బిల్లు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లొచ్చు, కొన్న విలువ ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు. నేను 18 శాతం మిగుల్చుకుందామని, అంటే సుమారు పదకొండు వేలకు ఆశపడి, ఆ దారి నా చేతులారా మూసుకున్నాను. పేరు రాయకపోవడానికీ కారణం ఇదే. రేపు అతను నా మీదే తిరగబడితే చూపించడానికి నా దగ్గర చీటీ తప్ప ఏమీ లేదు.

మీరు కొనేటప్పుడు ఒక పని చేయండి. ముందే ఆర్డరు మీద రేకు పొడవు, మందం, ఒక్కో రేకు బరువు ఎంతుండాలో రాయించుకోండి. పగటిపూట తెమ్మనండి. బండి మీద నుంచి ఏ రేకు కావాలో మీరే చూపించి ఒకటి దింపించి తూచండి, పైనున్నదొక్కటే కాదు, మధ్యలోది కూడా. తేడా ఒక కిలోలోపు అయితే పట్టించుకోకండి. నాలుగైదు కిలోలు తగ్గితే బండి తిప్పి పంపండి. మిగతా డబ్బు తూకం అయ్యాకే అని బయానా ఇచ్చేటప్పుడే చెప్పండి. ఇదే పద్ధతి కింద వేసే ఇనుప పైపులకూ పనికొస్తుంది, అక్కడా గేజు (మందం అంకె) పేరుతో ఇదే నాటకం నడుస్తుంది. దింపాక వెంటనే బిగించకపోతే వానలో దొంతరగా వదిలేయకండి. రేకుల మధ్య నీళ్లు నిలిచి తెల్ల తుప్పు పడుతుంది.

ప్రస్తుతానికి మా పైన పాత రేకులు పదిహేడు ఉన్నాయి. తీసేసే స్తోమత లేక మధ్యలో ఇంకో నాలుగు పైపులు వేయించి, స్క్రూలన్నీ మార్పించాం. పోయిన మూడింటి చోట కొత్త రేకులు ఫతేనగర్ నుంచి తెచ్చాం. అవి దింపేముందు తూచాం, ఒక్కొక్కటి 22 కిలోల 400 గ్రాములు. వాటితో వచ్చిన కుర్రాళ్లు ఒక్కో రేకే లాగారు, అదీ ఆయాసపడుతూ. కొక్కెం కాటా మా ఇంట్లోనే ఉంది. బోడుప్పల్, పీర్జాదిగూడ వైపు ఎవరికైనా రేకులు దిగే రోజు కావాలంటే ఇక్కడ ఒక మెసేజ్ పెట్టండి, ఇస్తాను.