కంప్రెసర్‌కు పదేళ్లు, బోర్డుకు ఏడాది: సర్వర్ రూములో 2 టన్నుల ఇన్వర్టర్ ఏసీ, ఆరేళ్ల తర్వాత

ఈ ఏసీ చల్లదనం గురించి ఫిర్యాదేమీ లేదు. కోపమంతా అవుట్‌డోర్ యూనిట్ పైమూత విప్పితే కనబడే బోర్డు మీదే. కొన్నప్పుడు కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ అని మూత మీద పెద్దక్షరాల స్టిక్కర్ అంటించారు. ఆ కంప్రెసర్ ఉన్నన్నాళ్లూ మొరాయించలేదు. దాన్ని నడిపే పీసీబీకి, అంటే ఆ బోర్డుకు, మాత్రం వారంటీ ఏడాదే. ఏది ముందు పోతుందో వారంటీ కార్డు రాసినవాళ్లకు తెలియకుండా ఉంటుందా?

విజయవాడలో పై అంతస్తు ఆఫీసు, పది అడుగులకు పన్నెండు అడుగుల గది, సర్వర్లు బిగించిన రెండు ర్యాకులు. గోడకు ఒకే మోడల్ 2 టన్నుల స్ప్లిట్లు రెండు, ఆర్-410ఏ గ్యాస్‌వి. టైమర్ మీద వంతులవారీగా నడుస్తాయి. యూపీఎస్ మీద లోడు 2.4 కిలోవాట్లు చూపిస్తుంది. యూపీఎస్ సొంత వేడి, స్లాబు నుంచి దిగే వేడి, లైట్లు కలిపితే మొత్తం 3.6 దాకా వస్తుంది. 2 టన్నులంటే కాగితం మీద 7 కిలోవాట్లు. కానీ మామూలు గది ఏసీ తన శక్తిలో పావు వంతుకు పైగా గాలిలో తేమ తీయడానికే ఖర్చు పెడుతుంది, సర్వర్లు తేమను పుట్టించవు. అసలు పనికొచ్చేది 5 కిలోవాట్లు. బయట 45 డిగ్రీలున్న మే నెలలో అది ఇంకా తగ్గుతుంది. అయినా మా లోడు ఒక్క యంత్రమే మోయగలదు. కింద రాసినదంతా ఈ ఒక్క వెసులుబాటు మీద ఆధారపడి ఉంది.

రిపేరా, కొత్తదా అని అడిగితే చాలామంది యంత్రం వయసు చూస్తారు. చూడాల్సింది గంటలు. స్టార్ లేబుల్ మీద రాసే ఏడాది కరెంటు వాడకాన్ని బీఈఈ (ఆ స్టార్లు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 1600 గంటల లెక్కన కడుతుంది. సర్వర్ రూముకు ఏడాదికి 8760 గంటలు. రెండు యంత్రాలు వంతులు పంచుకున్నా ఒక్కోదానికి 4380. అంటే ఆరేళ్లు నడిచిన మా ఏసీ ఇంట్లో వాడినట్టయితే పదహారేళ్ల ముసలిది. ఈ లెక్క చెబితే సర్వీసు సెంటరువాళ్లు కూడా కాసేపు మాట్లాడరు.

మొదటి దెబ్బ నాలుగో వేసవిలో తగిలింది. కరెంటు పోయింది, జనరేటర్ అందుకుంది, ఆటో రీస్టార్ట్ పనిచేసింది. ఇండోర్ ఫ్యాన్ తిరుగుతోంది, గాలి వస్తోంది. చల్లదనం మాత్రం లేదు. గది తలుపు తీసి చూసినవాళ్లెవరికైనా ఏసీ నడుస్తున్నట్టే ఉంటుంది, డిస్‌ప్లే మీద మినుకుమనే ఎర్రర్ కోడ్ చూస్తే తప్ప. పావుగంటలో గది 24 డిగ్రీల నుంచి 33కి ఎక్కింది. ఇండోర్‌కీ అవుట్‌డోర్‌కీ మధ్య మాట అందడం లేదని ఆ కోడ్ అర్థం. వచ్చిన మెకానిక్ ముందు అన్న మాట “కంప్రెసర్ పోయింది సార్, కొత్తది తీసేసుకోండి”.

ఆ మాట నమ్మేముందు చేయాల్సిన పరీక్షలకు అరగంట చాలు. ఎంసీబీ దించి పది నిమిషాలు ఆగాలి. బోర్డు మీద లావుపాటి కెపాసిటర్లు 300 వోల్టులకు పైగా దాచుకుని ఉంటాయి, మీటరు పెట్టి ఆ వోల్టేజీ దిగిందని చూశాకే చెయ్యి పెట్టాలి. గాజు ఫ్యూజు ఊరికే తెగితే ఒకటి, లోపల నల్లగా మసిబారితే ఇంకొకటి. మసి ఉందంటే ఎక్కడో గట్టి షార్ట్. తర్వాత కంప్రెసర్‌కు వెళ్లే యు, వి, డబ్ల్యు వైర్లు విప్పి, రెండేసి చొప్పున రెసిస్టెన్స్ కొలవాలి. మూడు రీడింగులూ ఒకటే రావాలి. మావి ఒక ఓమ్ లోపే, మూడూ సమానం. ఆపైన వైండింగ్‌కూ బాడీకీ మధ్య 500 వోల్టుల మెగ్గర్, ఇన్సులేషన్ కొలిచే మీటరు. ఇక్కడొక మెలిక ఉంది: చాలాసేపు ఆగి ఉన్న కంప్రెసర్‌లో గ్యాస్ ద్రవంగా చేరితే మెగ్గర్ రీడింగ్ తక్కువ చూపిస్తుంది. కంప్రెసర్ పోయిందని నమ్మించడానికి ఆ ఒక్క రీడింగే చాలు. కాసేపు వేడి తగలనిచ్చి మళ్లీ కొలిస్తే పైకి వస్తుంది. మాది వచ్చింది.

మీటరును డయోడ్ మోడ్‌లో పెట్టి బోర్డు వైపు చూస్తే పవర్ మాడ్యూల్‌లో ఒక ఫేజు సున్నా. ఐపీఎం అంటారు దాన్ని, డీసీని కంప్రెసర్‌కు కావలసిన మూడు ఫేజులుగా మార్చే చిప్పు. బోర్డు విప్పి వెనక్కి తిప్పగానే కారణం కనబడింది. కంప్రెసర్ వైర్లు అతికే చోట రెండు ట్రాకుల మీద అడ్డంగా ఎండిపోయిన బల్లి, తోకతో సహా. బోర్డు పగలూ రాత్రీ వెచ్చగా ఉంటుంది, పురుగులు చేరతాయి, వాటికోసం బల్లి వస్తుంది. రావడానికి దారి కేబుల్ దూర్చిన రంధ్రం, బిగించినవాళ్లు మూయకుండా వదిలేసింది. ఆ రంధ్రం ఫోముతో మూయాలి. బోర్డు వేడిని లాగే లోహపు హీట్‌సింక్‌కు గాలి వెళ్లే సందులకు మాత్రం ఫోము పెట్టకూడదు, సన్నటి స్టీలు జాలీ చాలు.

అప్పటి ధరలు చూడండి. కొత్త బోర్డు 19 వేలు, అదీ తెప్పించాలి. కొత్త ఏసీ బిగింపుతో 56 వేలు. బోర్డులు బాగుచేసే బెంచి మీద ఐపీఎం, బ్రిడ్జి (ఏసీ కరెంటును డీసీగా మార్చే భాగం), ఫ్యూజు మార్చడానికి 5,500, మూడు నెలల గ్యారంటీ. కంప్రెసర్ బాగుంది, గ్యాస్ చెక్కుచెదరలేదు, పక్కన రెండో యంత్రం ఉంది. రిపేరే సరైనది. బెంచి మీద బాగుచేసిన బోర్డులు నెలలోపే మళ్లీ పోతాయనే మాటలో నిజముంది, కానీ తప్పు తరచుగా ఐపీఎంది కాదు, దాన్ని బిగించిన తీరుది. పాత హీట్‌సింక్ పేస్టు గీకేసి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త పేస్టు పల్చగా పరవాలి. స్క్రూలు ఒకవైపు నుంచి కాకుండా మూలకు మూల, కొద్దికొద్దిగా బిగించాలి. పేస్టు లేకుండా బిగించిన ఐపీఎం మిట్టమధ్యాహ్నం ఫుల్ స్పీడులో మాడిపోతుంది. పైన సిలికాన్ పూత కొట్టించి, కనెక్టర్లకు అది అంటకుండా టేపు వేయించాం. బిగించాక క్లాంప్ మీటరులో కరెంటు ఒక్కసారిగా దూకకుండా మెట్లుమెట్లుగా ఎక్కితే బోర్డు దారిలో ఉన్నట్టు. ఆ బోర్డు తర్వాత ఇబ్బంది పెట్టలేదు.

కరెంటు ఆదా గురించి గొప్పగా చెప్పే మాట ఒకటుంది, అబద్ధం కాదు. 3.6 కిలోవాట్ల స్థిరమైన లోడు మీద ఇన్వర్టర్ సగం వేగంతో తాపీగా నడుస్తుంది. పాత ఫిక్స్‌డ్ స్పీడు యంత్రంతో పోలిస్తే సగటున 0.3 కిలోవాట్ తక్కువ తీసుకుంటుంది. ఏడాదికి 2,600 యూనిట్ల పైమాట, యూనిట్ పది రూపాయలనుకుంటే 26 వేలు. కంపెనీ బోర్డు ఒక్కటి కొన్న ఏడాది అందులో ముప్పావు వంతు పోతుంది. ఫిక్స్‌డ్ స్పీడులో అదే వేసవిలో పోయేది కెపాసిటర్, సైకిల్ మీద వెళ్లి తెచ్చుకునే వస్తువు. “స్టెబిలైజర్ అక్కర్లేదు” అన్నదీ అంతే. వోల్టేజీ తక్కువా ఎక్కువా అయితే తట్టుకుంటుంది, నిజమే. జనరేటర్ మారే క్షణంలో వచ్చే స్పైకును ఆపడం దాని పని కాదు. ఏసీ లైనుకు సర్జ్ ప్రొటెక్టర్, 3 నిమిషాల డిలే రిలే పెట్టాల్సిందే. టైమరుకు కూడా ఒక షరతు ఉండాలి: గది 28 దాటితే వంతులు మరిచి రెండు ఏసీలూ ఆన్ కావాలి. ఆ సెన్సరు ఉండాల్సింది గోడ మీద కాదు, ర్యాకు ముందువైపు, పై మూడో వంతులో. సర్వర్ పీల్చే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలని ఆష్రే (ఏసీ ఇంజినీర్ల అమెరికా సంఘం) సిఫార్సు, కాబట్టి 16లో పెట్టి కాయిల్ గడ్డకట్టించడం దండగ. 23 పెట్టండి.

ఆరో ఏడాది అదే యంత్రాన్ని మార్చేశాం, ఈసారి బోర్డు వల్ల కాదు. ఇండోర్‌లోకి వెళ్లే గాలికీ, బయటికొచ్చే గాలికీ మధ్య తేడా 11 డిగ్రీల నుంచి 6కి పడిపోయింది. కాయిల్‌లో మొదటి వరసల మీద మంచు, మిగతా వరసలు గోరువెచ్చన. గ్యాస్ తక్కువైనదానికి ఇది అచ్చమైన గుర్తు. గ్యాస్ ఎక్కించి వెళ్లిపోయారు, రెండు నెలల్లో మళ్లీ అదే. లీకు వెతకకుండా గ్యాస్ ఎక్కించడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే, పైగా ఇన్వర్టర్‌లో వేగం మారుతూ ఉంటే గేజి రీడింగ్ కూడా మారుతుంది. తూకం వేసి ఎక్కించకపోతే ఆ చార్జింగ్‌కు అర్థం లేదు. నైట్రోజన్ 350 పీఎస్ఐ పీడనంతో నింపి సబ్బునురుగు పెడితే ఫ్లేర్ జాయింట్లు (గొట్టం అంచు వెడల్పు చేసి నట్టుతో బిగించే అతుకులు) శుభ్రంగా ఉన్నాయి. ఇండోర్‌ను విడిగా బిగించి చూస్తే గేజి ముల్లు దిగుతోంది. ఫిన్నుల కింద రాగి గొట్టానికి చీమలు తొలిచినట్టు సన్నటి సొరంగాలు పడతాయి. కొత్త ప్లైవుడ్, జిగురు, పెయింటు వదిలే ఆమ్లపు ఆవిర్లు తేమతో కలిసి చేసే పని ఇది. ఒక చోట బ్రేజింగ్ చేసి (లోహం కరిగించి అతికి) మూస్తే పక్కన ఇంకోటి తెరుచుకుంటుంది. కొత్త కాయిల్ ధర యంత్రం ధరలో నలభై శాతం, స్టాకూ లేదు. 26 వేల గంటలు నడిచిన యంత్రానికి అంత పెట్టడంలో అర్థం లేదు. ఏసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది, అది కూడా త్రాసును కాస్త అటు వంచింది.

కొత్తది ఆర్-32. పాత రాగి గొట్టం సైజు సరిపోయింది కాబట్టి నైట్రోజన్‌తో ఊది, ఫ్లేర్లు కొత్తగా కోయించి వాడాం. ఆర్-22 అనే పాత గ్యాస్ కాలం గొట్టమైతే అందులో మినరల్ ఆయిల్ మిగిలి ఉంటుంది, గొట్టం మందం కూడా అనుమానమే, మార్చేయడం మంచిది. గొట్టాల్లో గాలి, తేమ లాగేసి వాక్యూమ్ 500 మైక్రాన్ల (అతి తక్కువ పీడనాన్ని కొలిచే కొలమానం) కిందికి దించి, పంపు ఆపి పావుగంట నిలిచిందో లేదో చూడాలి. కొంత గ్యాస్ వదిలి గాలి తోలేసే పాత అలవాటుకు ఈ గ్యాస్‌తో ఒప్పుకోకండి, ఇది మండే గుణం ఉన్నది. అలాగని యూపీఎస్ బ్యాటరీల పక్కన పెట్టొచ్చా అని భయపడే వాళ్లకు లెక్క: మంట అందుకోవాలంటే ఘనమీటరుకు 0.307 కిలో కావాలి. మా గది 34 ఘనమీటర్లు, అంటే 10 కిలోలు. యంత్రంలో ఉండేది కిలో పైచిలుకు. మొత్తం లీకైనా గది నిండా పరుచుకుంటే దరిదాపుల్లోకి రాదు, నేలబారున ఒకచోట పేరుకోకుండా ఫ్యాన్ తిరుగుతుంటే చాలు.

పాత అవుట్‌డోర్‌ను తుక్కువాడికి ఇవ్వలేదు. మిగిలిన గ్యాస్ సిలిండర్‌లోకి తీయించి, బోర్డు, ఫ్యాన్ మోటారు, సెన్సర్లు విప్పి రెండో యంత్రం కోసం దాచాం.

ఈ మోడల్ కొనమని చెప్పాలా? గది ఒకటి, లోడు 4 కిలోవాట్ల లోపు, పక్కన జత యంత్రం, ఊళ్లో బోర్డు బాగుచేసే మనిషి, ఈ నాలుగూ ఉంటే కొనండి, బోర్డు వారంటీ ఐదేళ్లు రాసిచ్చే కంపెనీ వైపు మొగ్గండి. ఒక్కటే ఏసీ పెట్టేవాళ్లకు నా రిపేరు లెక్కలేవీ పనికిరావు, బోర్డు బెంచి మీద ఉన్న రోజుల్లో గదిని చల్లబరిచేది ఉండదు. విశాఖ బీచ్ వైపు ఆఫీసైతే ఉప్పుగాలికి కండెన్సర్ ఫిన్నులు బోర్డు కంటే ముందే రాలిపోతాయి, అక్కడ వేరే లెక్క. లోడు 8 కిలోవాట్లు దాటినవాళ్లు గోడ స్ప్లిట్లను ఇంకొకటి, ఇంకొకటి అంటూ పెంచుకుంటూ పోవడం కంటే ప్రెసిషన్ ఏసీ (సర్వర్ రూముల కోసమే చేసే ఏసీ) కొటేషన్ ఒకటి తెప్పించుకుని చూడాలి. ఇక ఇండోర్ యూనిట్ దేనిదైనా సరే, ర్యాకు నెత్తిన బిగించనివ్వకండి. ఏడాది పొడవునా ఆగకుండా కారే డ్రెయిన్ పైపులో పాచి పట్టి, ట్రే పొర్లేది సరిగ్గా అక్కడే.