గ్రీన్ లాంటర్న్ పాత సంచికలు కొనేవాళ్లకు హెచ్చరిక: ప్లాస్టిక్ కవరు విప్పి చూడకుండా డబ్బు ఇవ్వకండి

ఆదివారాలు కలుసుకుని కామిక్స్ గురించి మాట్లాడుకునే మనవాళ్లకు అతనెవరో నేను వేరే చెప్పనక్కర్లేదు. పెద్ద నల్ల సంచీలో అమెరికా సంచికలు మోసుకొచ్చి, ప్లాస్టిక్ కవర్లలో అట్టబొమ్మ మాత్రమే కనిపించేలా బల్ల మీద పరిచే మనిషి. అతనికి 9,000 రూపాయలు ఇచ్చి నేను గ్రీన్ లాంటర్న్ (ఆకుపచ్చ ఉంగరపు శక్తితో పోరాడే సూపర్ హీరో కామిక్) పాత సంచికల కట్ట తీసుకున్నాను. అందులో 25వ సంచికలో ఎనిమిది పేజీలు లేవు. చిరిగిపోలేదు, చెదలు తినలేదు. ఎవరో పనిగట్టుకుని తీసేశారు. అడిగితే డబ్బు తిరిగి ఇచ్చేది లేదన్నాడు. అంతటితో ఆగి ఉంటే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. అతను అన్న మాట కోసం రాస్తున్నాను.

ముందు సంగతి క్లుప్తంగా చెబుతాను. నేను ఆ కట్ట కొన్న రోజు మనవాళ్ల మధ్య వాదన 2023లో మొదలైన గ్రీన్ లాంటర్న్ సిరీస్ మీద వచ్చింది. జెరెమీ ఆడమ్స్ రాస్తూ, జెర్మానికో బొమ్మలు వేస్తూ మొదలుపెట్టిన సిరీస్. భూమి ఉన్న అంతరిక్ష భాగమైన సెక్టార్ 2814ను యునైటెడ్ ప్లానెట్స్ అనే గ్రహాల కూటమి దిగ్బంధించడం, గ్రీన్ లాంటర్న్ అయిన హాల్ జోర్డాన్ భూమికి తిరిగొచ్చి మళ్లీ విమానాల కంపెనీ గుమ్మం తొక్కడం, ఇదంతా బాగుందని కొందరు, అంతరిక్షం లేని గ్రీన్ లాంటర్న్ ఏమిటని కొందరు. హాల్‌ను మనిషిగా చూపించాలంటే కాసేపు నేల మీద నిలబెట్టాల్సిందేనని నా అభిప్రాయం. 1959లో అతను మొదట కనిపించినప్పుడే టెస్ట్ పైలట్. ఉంగరం తరువాత వచ్చింది. 2018లో గ్రాంట్ మోరిసన్, లియమ్ షార్ప్ కలిసి అతన్ని అంతరిక్ష పోలీసుగా చూపించిన సంచికలే అన్నిటికన్నా గొప్పవని ఇంకొకరు పట్టుబట్టారు. ఆ బొమ్మలు గొప్పవే, ఒప్పుకుంటాను. ఒక్కో పేజీలో కొత్త గ్రహం, కొత్త జీవరాశి. అయినా నా ఓటు 2005 నుంచి 2013 దాకా జెఫ్ జాన్స్ రాసిన కాలానికే.

ఎందుకో ఆ రోజు వివరంగానే చెప్పాను. అప్పటిదాకా ఆకుపచ్చ వెలుగు ఒక్కటే ఉండేది. దానికి ఎదురుగా హాల్ శత్రువు సినెస్ట్రో పసుపు ఉంగరం ఉండేది. ఈ రెంటినీ జాన్స్ భావాల వర్ణమాలగా విప్పాడు. ఆకుపచ్చ సంకల్పం, పసుపు భయం, ఎరుపు కోపం, నారింజ పేరాశ, నీలం ఆశ, ఇండిగో కరుణ, ఊదా ప్రేమ. ఇదంతా రంగురంగుల ఉంగరాలు అమ్ముకోవడానికే చేశారని మనలో కొందరి ఫిర్యాదు. 2009లో అమెరికా కామిక్స్ దుకాణాల్లో ప్లాస్టిక్ ఉంగరాలు పంచిన మాట నిజమే. కానీ ఆ ఆలోచన ఉంగరాల కోసం పుట్టలేదు. నాలుగేళ్ల పాటు నెలనెలా కట్టుకుంటూ వచ్చిన కథ అది. 2007లో సినెస్ట్రో సేనతో జరిగిన యుద్ధం 25వ సంచికలో ముగుస్తుంది. ఆ సంచికలోనే గాంథెట్, సేద్ అనే పాత్రలు ఏడు వెలుగుల సంగతి బయటపెడతారు. 2009లో వచ్చిన బ్లాకెస్ట్ నైట్ అనే కథకు బీజం అక్కడే పడింది. ఆ పేజీలు నాకు ఎంత ఇష్టమో, ఏ బొమ్మ తరువాత ఏ బొమ్మ వస్తుందో, అందరి ముందూ చెప్పాను.

నేను చెబుతున్నంతసేపూ నా పక్కన నిలబడి తల ఊపింది ఇతనే. "అన్నా, మీలాగా చదివినవాళ్లు లేరు. ఆ 25 నా దగ్గర ఉంది. మీకు తప్ప వేరేవాళ్లకు ఇవ్వబుద్ధి కావడం లేదు" అన్నాడు. 21 నుంచి 25 దాకా మొత్తం కట్టగా ఇస్తానన్నాడు. కవరు మీద టేపు అంటించి ఉంది. తెరిస్తే అంచులు నలుగుతాయి, ఇంటికి వెళ్లి నెమ్మదిగా చూసుకోండి అన్నాడు. ఆబిడ్స్‌లో ఆదివారం కాలిబాట మీద పుస్తకాలు పోసుకుని అమ్మేవాళ్లు సైతం పుస్తకం చేతికిచ్చి చూసుకోమంటారు.

ఇంటికి వచ్చి విప్పాను. మొదటి నాలుగూ బాగానే ఉన్నాయి. 25వది మామూలు సంచికల కన్నా లావుగా ఉండాలి. పట్టుకోగానే బరువు తేడా అనిపించింది. చదువుతూ వెళితే గాంథెట్ మాట మొదలుపెట్టిన చోట కథ ఒక్కసారిగా తెగి, ఎక్కడో మరో ఘట్టంలో తేలింది. నాకు ఇష్టమని చెప్పిన పేజీలే సరిగ్గా లేవు. మరింత ముందుకు వెళితే అవతలి సగంలో కూడా అదే తీరున ఇంకో రెండు ఆకులు మాయం.

ఇక్కడ ఒక సంగతి అందరూ తెలుసుకోవాలి. ఈ సంచికలు మధ్యకు మడిచి రెండు పిన్నులతో కుట్టినవి. ఒక్కో కాగితం మడతకు అటొక ఆకు, ఇటొక ఆకుగా ఉంటుంది. పిన్నుల కాళ్లు విప్పి ఒక కాగితాన్ని లాగేస్తే ముందు సగంలో ఒక ఆకు, వెనక సగంలో దాని జంట ఆకు రెండూ పోతాయి. ఎక్కడా చిరుగు కనిపించదు. నా సంచికలో పోయినవి అలాంటి కాగితాలు రెండు. నడిమి పేజీ తెరిచి దీపం కింద పెట్టి చూశాను. పిన్నుల కాళ్లు ఒకసారి లేపి మళ్లీ వంచినట్టు వంకరగా ఉన్నాయి. వాటి పక్కన కాగితం మీద ఏదో మొనతో గీసిన సన్నని గీత ఉంది. అట్ట బయటివైపు మడత మీద పిన్ను మొదట పడుకున్న చోట చిన్న తుప్పు మచ్చ ఉంది. ఇప్పుడు పిన్ను ఆ మచ్చ మీద లేదు, కాస్త పక్కకు జరిగి ఉంది. ఇది పాతబడి పాడైన పుస్తకం కాదు. కొలిచి, విప్పి, తీసి, మళ్లీ మూసి, టేపు వేసి అమ్మిన పుస్తకం.

ఫోన్ చేశాను. అప్పటికి కూడా అతనికి తెలియకుండా జరిగి ఉంటుందనే అనుకున్నాను. "తమ్ముడూ, పేజీలు లేవు, చూసుకున్నావా?" అని మెల్లగానే అడిగాను. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"ఆ కథ మీకు పేజీ పేజీ వచ్చు కదండీ. ఆ రోజు అందరికీ చెప్పారు. లేని పేజీలతో మీకేం పని?"

అన్నా పోయి అండీ వచ్చింది. అది నాకు పట్టింపు కాదు. నేను ప్రేమతో చెప్పుకున్న మాటలను నామీదికే తిప్పి కొట్టాడే, అది మింగుడు పడటం లేదు. ఆ రోజు అతను తల ఊపుతూ విన్నది కథను కాదు. ఎవరికి ఏ సంచిక మీద ప్రాణం ఉందో, ఎవరు ఎంత దాకా పెడతారో కనిపెట్టుకుంటున్నాడు. మన వాదనలన్నీ అతనికి గిరాకీ లెక్కలు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది. ఒక కథ కోసం వాదించుకునే చోట మనిషి కాస్త మనసు విప్పుతాడు. అక్కడ నిలబడి వల వేయడం కన్నా నీచం నాకు తెలియదు.

డబ్బు వెనక్కి ఇమ్మన్నాను. "టేపు విప్పారు కదా, విప్పింది వాపసు తీసుకోను" అన్నాడు. టేపు విప్పకుండా లోపల పేజీలు ఉన్నాయో లేదో తెలిసేది ఎలాగని అడిగాను. "కథే కావాలంటే ఆ సంచికలన్నీ కలిపి వేసిన పుస్తకం దొరుకుతుంది, కొనుక్కోండి" అని ఫోన్ పెట్టేశాడు. సంకలనం దొరుకుతుందని నాకూ తెలుసు. కథ మాత్రమే కావాల్సినవాడు 2007 నాటి సంచిక కోసం అంత డబ్బు పెట్టడు. ఆ నెల పాఠకుడి చేతికి అందిన కాగితం, ఆ ప్రకటనలు, వచ్చే నెల దాకా ఆగాల్సిన చోట ఆగిన ఆ చివరి పేజీ, వాటికి కట్టిన ధర అది. అదే మాట చెప్పి మనందరికీ సంచికలు అమ్మింది కూడా ఇతనే.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. పిన్నుల ఫొటోలు, అతను కట్టకు ధర చెబుతూ పంపిన సందేశం, డబ్బు పంపిన రుజువు దగ్గర పెట్టుకున్నాను. ఎవరికి కావాలన్నా చూపిస్తాను.

కొనేవాళ్లు ఇవి చూసుకోండి. అమ్మే మనిషి ముందే కవరు విప్పించి నడిమి పేజీ తెరిచి పిన్నులు చూడండి. పేజీలు లెక్కపెట్టండి, కథ ఎక్కడా తెగకుండా నడుస్తోందో చూడండి. దూరం నుంచి కొంటే పిన్నుల ఫొటో లోపలివైపు నుంచి అడగండి. మొదటి ముద్రణ అని ఎక్కువ ధర చెబితే బార్‌కోడ్ పక్కనున్న చిన్న అయిదంకెలు చదవండి. మొదటి మూడు సంచిక సంఖ్య, నాలుగోది ఏ అట్టో చెబుతుంది, అయిదోది ఎన్నో ముద్రణో చెబుతుంది. 25వ సంచికకు 02511 అని ఉంటే మొదటి ముద్రణ. చివర 2 ఉంటే రెండోది. ఆ అంకెల మీద ధర చీటీ అంటించి ఉంటే చీటీ తీయించండి, తీయనంటే వదిలేయండి.

వచ్చే ఆదివారం బ్లాకెస్ట్ నైట్ ఎనిమిది సంచికలూ తెస్తున్నానని అతను కొందరికి చెప్పినట్టు తెలిసింది. మాట ఇచ్చేసినవాళ్లు ఉంటే ఇంకా డబ్బు పంపకండి. ఇంతకుముందు అతని దగ్గర కొని విప్పకుండా దాచుకున్నవాళ్లు ఈ రాత్రే టేపు తీసి చూడండి. పేజీలు తగ్గితే పిన్నుల ఫొటో తీసి నాకు పంపండి, నా ఫిర్యాదుతో జత చేస్తాను.