ముత్యాల ముగ్గు ఈపీ, కొత్త రికార్డు ప్లేయరు

మూడు వారాల కిందట కొన్న రికార్డు ప్లేయరు గురించి ఇది. సూట్‌కేసులా మూత వేసి చేత్తో పట్టుకెళ్లే రకం. నిమిషానికి 33, 45, 78 చుట్ల వేగాలకు మీట ఉంది, స్పీకర్లు పెట్టెలోనే ఉన్నాయి. మిగతా హంగులు నాకు అవసరం లేదు. చిన్నప్పుడు కొనుక్కున్న పదకొండు ఈపీలు, అంటే రెండు మూడు పాటలు పట్టే చిన్న రికార్డులు, మళ్లీ వినాలన్నదే నా కోరిక.

అవన్నీ విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్నవి. 1975లో నాకు పదమూడేళ్లు. పన్నెండంగుళాల ఎల్పీ మా ఊహకు అందేది కాదు. ఏడంగుళాల ఈపీ అయితే నెలల తరబడి కూడబెడితే వచ్చేది. సత్యనారాయణపురం నుంచి అన్నయ్యా నేనూ నడిచి వెళ్లేవాళ్లం. రేడియోలు అమ్మే దుకాణంలో ఒక గోడంతా రికార్డులే. యజమాని ఒక పాట వేసి వినిపించేవారు, అదీ ఒక చరణం దాకానే. ఎంపికలో పొరబడితే మళ్లీ పండగ దాకా ఆగాలి కనుక దారి పొడుగునా వాదించుకునేవాళ్లం. 'ముత్యాల ముగ్గు' దగ్గర మాత్రం వాదన రాలేదు. మా ఇంట్లో ప్లేయరు లేదు. ఆదివారాలు మామయ్య వాళ్ల హెచ్.ఎం.వి. ఫియెస్టా మీద వేసుకునేవాళ్లం. సుశీల గారు పాడిన 'నిదురించే తోటలోకి' పాటను అక్కడే పదే పదే విని వీణ మీద దించుకున్నాను.

అందుకే కొత్త పెట్టె మీద మొదటగా ఆ పాటే వేశాను. గొంతు సన్నగా, తొందరపడుతున్నట్టు వినిపించింది. నేను వాయించుకునే శ్రుతి పెట్టి చూస్తే, పాట వీణ మీద ఒక మెట్టులో దాదాపు సగం పైకి పలుకుతోంది. రికార్డు అంచున చిన్న కాగితం ముక్క అంటించి, గడియారం ముందు పెట్టుకుని లెక్కపెట్టాను. ఈపీ వేగం 45 కనుక రెండు నిమిషాలకు 90 చుట్లు తిరగాలి. 93 తిరిగింది. అమ్మినవారికి ఫోను చేస్తే అంత తేడా మామూలేనన్నారు. సంగీతం వినిపించడానికే చేసిన వస్తువులో అది మామూలు ఎలా అవుతుంది? పాడినవారి శ్రుతిని మార్చే హక్కు యంత్రానికి లేదు. చివరికి మరమ్మతులు తెలిసిన పక్కింటి అబ్బాయి మోటారు అడుగున ఉన్న చిన్న మరను సన్నటి స్క్రూడ్రైవరుతో కొద్దికొద్దిగా తిప్పాడు. నాలుగోసారికి 90 వచ్చింది.

అప్పటినుంచి నాకు చాలా సంతోషంగా ఉంది. మంద్రంలో నిండుదనం తక్కువే గానీ, గొంతు మాత్రం ఎదురుగా కూర్చుని పాడినంత స్పష్టంగా ఉంది. ఆనాటి సినిమా పాటకు కావలసింది అదే.

కొనాలనుకునేవారు ముల్లు సంగతి తప్పక చూసుకోవాలి. ఇలాంటి పెట్టెల్లో సాధారణంగా సిరామిక్ కార్ట్రిడ్జి (ముల్లు అమర్చి ఉండే భాగం) ఉంటుంది. అది రికార్డు మీద అయిదారు గ్రాముల బరువు మోపుతుంది. మంచి ప్లేయర్లలో ఆ బరువు రెండు గ్రాముల దగ్గర ఉంటుంది. అరిగిన ముల్లుతో ఆ బరువు పడితే గాడి చెడిపోతుంది, చెడిన గాడిని బాగుచేయలేం. నేను ముందే విడి ముల్లు తెప్పించి పెట్టుకున్నాను. ప్రతిసారీ మెత్తని కుంచెతో దుమ్ము తుడిచి గానీ వేయను. అరుదైన రికార్డులు ఉన్నవారు ఇంకాస్త డబ్బు పెట్టి, బరువు సవరించుకునే వీలున్న ప్లేయరే తీసుకోవాలి.

నిన్న అన్నయ్యకు ఫోను చేసి, దాన్ని స్పీకరు దగ్గర పెట్టాను. చిన్నప్పుడు తన చెయ్యి జారి 'ముత్యాల ముగ్గు' ఈపీ రెండో వైపు గీత పడింది. ఫియెస్టా మీద ముల్లు ఎప్పుడూ అక్కడ ఎగిరి పడేది. పాట ఆ చోటికి వస్తుండగా, ఇంకా ఎగరకముందే, అటునుంచి అన్నయ్య "ఇదుగో, ఇప్పుడు" అన్నాడు.