చిన్న సినిమాకి ఏది మేలు: ఫెస్టివలా, యూట్యూబా, సొంత షోలా?

తక్కువ డబ్బుతో సినిమా తీయడం ఇప్పుడు ఒకప్పుడున్నంత కష్టం కాదు. 2015లో అమెరికాలోని సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి వచ్చిన షాన్ బేకర్ సినిమా 'టాంజరిన్' మొత్తం ఐఫోన్ 5ఎస్‌తోనే తీశారు. అసలు కష్టం తీయడం పూర్తయ్యాక మొదలవుతోంది. సినిమా హార్డ్‌డిస్క్‌లో ఉంటుంది. అందులో తెలిసిన మొహం ఒక్కటీ ఉండదు, పబ్లిసిటీకి డబ్బు ఉండదు, డైరెక్టర్ పేరు ఎవరూ విని ఉండరు. అప్పుడు ముందున్న దారులు ముఖ్యంగా మూడు. ఫెస్టివల్స్‌కి పంపడం, యూట్యూబ్ లాంటి చోట నేరుగా పెట్టేయడం, హాలు తీసుకుని మనమే షోలు వేయడం. ఓటీటీ సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే దాన్ని మనం ఎంచుకోలేం, వాళ్ళే మనల్ని ఎంచుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి షార్ట్ ఫిల్మ్ అయితే నెట్ మేలు. మొదటి ఫుల్ లెంగ్త్ సినిమా అయితే సొంత షోలు మేలు. ఫెస్టివల్స్‌కి తప్పకుండా పంపండి, కానీ ఒక గడువు పెట్టుకుని పంపండి. ఫెస్టివల్ ఒక్కదాన్నే నమ్ముకుని ఏడాదిన్నర, రెండేళ్ళు సినిమాని పక్కన పెట్టి కూర్చోవడం ఈ మూడింటిలోనూ ఎక్కువ నష్టం చేసే పని. ఈలోపు నటులు వేరే పనుల్లో పడతారు, టీమ్ చెదిరిపోతుంది, డైరెక్టర్‌కి ఆ సినిమా మీదే ఉత్సాహం పోతుంది.

ముందు ఫెస్టివల్స్ సంగతి చూద్దాం. చిన్న సినిమా అనగానే అందరూ చెప్పే కథలన్నీ అక్కడివే. రాబర్ట్ రోడ్రిగెజ్ దాదాపు 7 వేల డాలర్లతో చవకైన 16 ఎంఎం ఫిల్మ్ మీద 'ఎల్ మరియాచి' తీశాడు, కొలంబియా స్టూడియో కొన్నది, 1993లో సన్‌డాన్స్‌లో ప్రేక్షకుల అవార్డు వచ్చింది. ఇంతవరకు అందరికీ తెలుసు. థియేటర్లలో ఆడిన కాపీ మాత్రం ఆ 7 వేల డాలర్ల కాపీ కాదు. సౌండ్ మళ్ళీ చేయించడానికి, థియేటర్లలో ఆడే 35 ఎంఎం ఫిల్మ్‌కి మార్చడానికి స్టూడియో దానికి ఎన్నో రెట్లు ఖర్చు పెట్టింది. 'ద బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' కూడా ఇలాంటి కథే. 1999 జనవరిలో సన్‌డాన్స్ అర్ధరాత్రి షో తర్వాత పది లక్షల డాలర్లకు పైగా పెట్టి ఒక కంపెనీ దాన్ని కొన్నది, ప్రపంచమంతా కలిపి 24 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది. అయితే దాని వెబ్‌సైట్ 1998 నుంచే నడుస్తోంది. ఆ కల్పిత కథ చుట్టూ వార్తలు, పాత కాగితాలు, ఫోటోలు అల్లి జనంలో ఆసక్తి పెంచుతూ వచ్చారు. ఫెస్టివల్ తలుపు తెరిచిన మాట నిజమే, కానీ ఆ తలుపు దగ్గరికి వాళ్ళు ఉత్త చేతులతో రాలేదు.

ఇక అవకాశాల లెక్క. సన్‌డాన్స్‌కి ఈ మధ్య ఏటా 4 వేలకు పైగా ఫుల్ లెంగ్త్ సినిమాలు వస్తున్నాయి. తీసుకునేది వంద లోపే. వాటిలోనూ కొన్ని పేరున్న నటులవి, ఇంకొన్ని ఆ సంస్థ వర్క్‌షాపుల్లోనే తయారైనవి. ఇందులో అన్యాయం ఉందని కాదు, లెక్క అలా ఉందని చెబుతున్నాను. ప్రతి ఎంట్రీకి ఫీజు ఉంటుంది, జవాబుకి నెలలు పడుతుంది, ఆ నెలల్లో సినిమాని ఇంకెక్కడా చూపించకుండా దాచుకోవాలి. పెద్ద ఫెస్టివల్స్ చాలావరకు మొదటి ప్రదర్శన తమ దగ్గరే జరగాలంటాయి. ఈ ఒక్క నియమం మొత్తం వరుసని నిర్ణయిస్తుంది. ఫెస్టివల్ తర్వాత నెట్‌లో పెట్టొచ్చు. నెట్‌లో పెట్టాక పెద్ద ఫెస్టివల్‌కి వెళ్ళడం దాదాపు కుదరదు. అందుకే ఫెస్టివల్ ఆలోచన ఏమాత్రం ఉన్నా, ఒక్క రోజుకి కూడా సినిమాని పబ్లిక్‌గా అప్‌లోడ్ చేయకండి. ప్రైవేట్ లింకుకి పాస్‌వర్డ్ పెట్టండి.

పెద్ద ఫెస్టివల్స్ కాకపోతే మిగతావన్నీ వృథా అనుకోవద్దు. సన్‌డాన్స్ తీసుకోని సినిమాల వాళ్ళు కొందరు కలిసి 1995లో స్లామ్‌డాన్స్ మొదలుపెట్టారు. ఇంట్లో తీసిన 'పారానార్మల్ యాక్టివిటీ' 2008లో అక్కడ ఆడింది. దానికి ముందు 2007లో అది ఆడింది ఒక హారర్ ఫెస్టివల్‌లో. హారర్, యానిమేషన్, డాక్యుమెంటరీ, పిల్లల సినిమా, ఒక భాష, ఒక ప్రాంతం అంటూ ఒకే రకం సినిమాలు వేసే మధ్య స్థాయి ఫెస్టివల్స్ చాలా ఉన్నాయి. అక్కడికి వచ్చేది ఆ రకం సినిమా అంటే ప్రాణం పెట్టే ప్రేక్షకులు. కొత్త డైరెక్టర్‌కి పెద్ద పేరున్న చోట మధ్యాహ్నం షో కంటే అలాంటి చోట నిండిన హాలు ఎక్కువ ఉపయోగం.

మరోపక్క ఫీజు కోసమే పుట్టిన ఫెస్టివల్స్ కూడా బోలెడు. నెలనెలా అవార్డులు ఇస్తారు, పంపిన ప్రతివాళ్ళకీ ఏదో ఒక విభాగంలో బెస్ట్ ఫలానా అని మెయిల్ వస్తుంది, సర్టిఫికెట్ కావాలంటే మళ్ళీ డబ్బు కట్టమంటారు. డబ్బు కట్టే ముందు కొన్ని విషయాలు చూసుకుంటే చాలు. హాలు పేరు, పోయినేడాది షోల టైమ్‌టేబుల్ బయట పెట్టారా? ప్రేక్షకులతో నిండిన హాలు ఫోటోలు ఉన్నాయా, పోస్టర్లు మాత్రమే ఉన్నాయా? పోయినేడాది అక్కడ సినిమా ఆడిన ఎవరికైనా మెసేజ్ పెట్టి ఎలా జరిగిందని అడగండి. చిన్న సినిమా వాళ్ళు ఇలాంటి ప్రశ్నకి ఓపిగ్గా జవాబిస్తారు, తోటివాళ్ళ డబ్బు పోకూడదని వాళ్ళకీ ఉంటుంది.

ఇప్పుడు నేరుగా నెట్‌లో పెట్టడం. ఉరుగ్వేలో ఫెడె అల్వారెజ్ 300 డాలర్ల ఖర్చుతో తీసిన రోబోల షార్ట్ ఫిల్మ్‌ని 2009లో యూట్యూబ్‌లో పెట్టాడు. కొద్ది రోజుల్లోనే హాలీవుడ్ నుంచి ఫోన్లు వచ్చాయి, 2013లో 'ఈవిల్ డెడ్'కి డైరెక్టర్ అయ్యాడు. స్వీడన్‌లో డేవిడ్ శాండ్‌బర్గ్ తన ఫ్లాట్‌లో, భార్యే నటిగా, మూడు నిమిషాలైనా లేని 'లైట్స్ అవుట్' తీశాడు. 2013 నాటి ఆ షార్ట్ నెట్‌లో పాకిపోయి 2016లో అదే పేరుతో పెద్ద సినిమా అయ్యింది. ఈ మధ్య కర్రీ బార్కర్ 800 డాలర్లతో తీసిన గంట నిడివి సినిమా 'మిల్క్ అండ్ సీరియల్' 2024లో యూట్యూబ్‌లో ఉచితంగానే విడుదలైంది.

వీటన్నిటిలో ఒక పోలిక గమనించండి. అన్నీ భయం మీదో, ఉత్కంఠ మీదో నడిచేవి, మొదటి నిమిషంలోనే పట్టుకునేవి. నెమ్మదిగా నడిచే కుటుంబ కథ, మౌనాల మీద ఆధారపడ్డ సినిమా, మసక వెలుతురులో తీసినది అక్కడ నిలబడటం చాలా కష్టం. ఆ సినిమాలో లోపం ఉందని దానర్థం కాదు. చూసేవాడి చేతిలో ఫోన్ ఉంటుంది, పక్కనే ఇంకో పది వీడియోలు ఉంటాయి, తెర మీద ఎండ పడుతూ ఉంటుంది. అలాంటి సినిమా తీసి యూట్యూబ్‌లో పెట్టి, వ్యూస్ రాలేదని కుంగిపోయిన మంచి డైరెక్టర్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

డబ్బు విషయంలో కూడా స్పష్టంగా ఉండాలి. యూట్యూబ్‌లో యాడ్స్ వాటా రావాలంటే ఛానెల్‌కి కనీసం 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ ఉండాలి (షార్ట్స్ వీడియోలకి లెక్క వేరు). కొత్త ఛానెల్‌లో ఒక్క సినిమా పెట్టి సంపాదించడం జరిగే పని కాదు. ఛానెల్ సినిమాకంటే ముందు పుట్టాలి. 'స్కినమరింక్' తీసిన కైల్ ఎడ్వర్డ్ బాల్ అంతకుముందు ఏళ్ళ తరబడి, జనం కామెంట్లలో చెప్పిన పీడకలల్ని చిన్న వీడియోలుగా తీసి పెట్టేవాడు. తర్వాత 15 వేల డాలర్లతో, తాను పెరిగిన ఇంట్లోనే ఫుల్ లెంగ్త్ సినిమా తీశాడు. అది ఒక ఆన్‌లైన్ ఫెస్టివల్ నుంచి లీకై టిక్‌టాక్‌లో దావానలంలా వ్యాపించింది. లీక్ ఆయన కోరుకున్నది కాదు. అయినా 2023 జనవరిలో థియేటర్లకి వచ్చినప్పుడు సుమారు 20 లక్షల డాలర్లు వచ్చాయి. పీడకలల ఛానెల్, ఫెస్టివల్, నెట్, థియేటర్ నాలుగూ ఒకదాన్నొకటి మోసిన సందర్భం అది.

షార్ట్ ఫిల్మ్‌కి నెట్ మేలని ఎందుకన్నానంటే, షార్ట్‌కి అమ్మకం దాదాపు ఉండదు. దానితో వచ్చేది పేరు, తర్వాతి పని. ఆ రెండూ ఎక్కువమంది చూస్తేనే వస్తాయి. కొద్దిపాటి ఫెస్టివల్స్ ఎంచుకుని పంపండి, ఏడాది దాటనివ్వకండి, ఆ తర్వాత పెట్టేయండి. ఒక్క మినహాయింపు ఉంది. ఆస్కార్ అర్హత ఇచ్చే ఫెస్టివల్స్ మీద గురి ఉంటే నిడివి టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాలు దాటకూడదు, నెట్ విడుదల ఆగాలి. నిజాయితీగా చెప్పాలంటే పదిహేను నిమిషాలు దాటిన షార్ట్‌కి ఫెస్టివల్‌లోనూ చోటు కష్టమే. అంత నిడివి స్లాట్‌లో రెండు సినిమాలు పడతాయని ఫెస్టివల్‌కి సినిమాలు ఎంచే ప్రోగ్రామర్లు ఆలోచిస్తారు.

మూడోది, నేను ఎక్కువ ఇష్టపడే దారి, సొంత షోలు. తక్కువమంది ఎంచుకునేది కూడా ఇదే, ఎందుకంటే ఇందులో ఒళ్ళు అలిసే పని ఉంది. 'హండ్రెడ్స్ ఆఫ్ బీవర్స్' అనే బ్లాక్ అండ్ వైట్, దాదాపు మాటల్లేని కామెడీని ఒక లక్షా యాభై వేల డాలర్లతో తీసిన బృందం 2024లో దాన్ని తామే ఊరూరా తిప్పింది. షోకి ముందు బీవర్ అనే జంతువు వేషాలు వేసుకుని హాల్లో సందడి చేశారు. షేన్ కారూత్ 2013లో తన 'అప్‌స్ట్రీమ్ కలర్'ని తానే పంపిణీ చేసుకున్నాడు. అప్పటికే ఆయన మొదటి సినిమాకి సన్‌డాన్స్‌లో పెద్ద బహుమతి వచ్చి ఉంది, కొనేవాళ్ళు దొరకని మనిషి కాదు.

సొంత షోలో దొరికేది ఇంకెక్కడా దొరకదు. చివరి వరుసలో కూర్చుంటే ఏ సీన్‌లో ఫోన్లు వెలుగుతున్నాయో కనిపిస్తుంది, మనం నవ్వుతారనుకున్న చోట కాకుండా ఎక్కడ నవ్వుతున్నారో వినిపిస్తుంది. వ్యూస్ అంకె ఇది చెప్పలేదు. రెండో లాభం, వచ్చినవాళ్ళ ఫోన్ నంబర్లు, మెయిల్స్ వాళ్ళ అనుమతితో మీ దగ్గర ఉంటాయి. తర్వాతి సినిమాకి మొదటి ప్రేక్షకులు వాళ్ళే. ఏ ప్లాట్‌ఫామ్ కూడా ఆ జాబితా మీ చేతికి ఇవ్వదు.

హాలు విషయంలో నా సలహా, చిన్నది తీసుకోండి. 60 సీట్ల హాలు నిండితే బయట ఆ మాట పాకుతుంది. అదే 60 మంది 300 సీట్ల హాల్లో కూర్చుంటే సినిమా ఆడలేదనే అనుకుంటారు. అద్దె ఒకేసారి కట్టాలా, టికెట్ డబ్బులో వాటానా అన్నది ముందే రాసుకోండి. మొదటి షోకి వాటా పద్ధతి దొరికితే అదే నయం, నష్టం ఇద్దరూ పంచుకుంటారు. ఒంటరిగా వేయకండి. డాక్యుమెంటరీ అయితే ఆ విషయం మీద పనిచేసే సంఘం, కథ అయితే ఫిల్మ్ క్లబ్, కాలేజీ, నాటక బృందం, ఎవరో ఒకరు పక్కన ఉండాలి. ఏ ఊళ్ళో వేయాలో జనాన్నే అడగొచ్చు. 2009లో 'పారానార్మల్ యాక్టివిటీ'ని స్టూడియో విడుదల చేసినప్పుడు తమ ఊరికి రావాలని జనమే నెట్‌లో ఓటు వేశారు, పది లక్షల ఓట్లు వస్తే దేశమంతా వేస్తామన్నారు. స్టూడియో బలం మనకి లేదు కానీ ఆ పద్ధతికి ఒక ఫారం లింకు చాలు. యాభై మంది పేర్లు రాసిన ఊళ్ళోనే హాలు బుక్ చేయండి.

ఈ దారికి సాంకేతికంగా సిద్ధం కావడం షూటింగ్‌కి ముందే మొదలవ్వాలి. ఫోన్లు మామూలుగా సెకనుకి 30 ఫ్రేములు తీస్తాయి, అదీ ఒకేలా ఉండదు. థియేటర్‌కి వెళ్ళే డీసీపీ ఫైలు ఎక్కువగా 24 ఫ్రేములది. తర్వాత మారిస్తే కదలికలు కుదుపుగా కనిపిస్తాయి. కాబట్టి మొదటి రోజే 24కి లాక్ చేయండి. సౌండ్ స్టీరియోలో మాత్రమే మిక్స్ చేస్తే హాల్లో పక్క సీట్లలో కూర్చున్నవాళ్ళకి మాటలన్నీ దగ్గరి స్పీకర్ నుంచే వస్తున్నట్టు ఉంటుంది. హాల్లోని ముందు, మధ్య, పక్క స్పీకర్లకి విడివిడిగా సౌండ్ పంపే 5.1 మిక్స్‌లో మాటలు మధ్య స్పీకర్‌కి వెళ్తాయి. ఖర్చు ఎక్కడైనా తగ్గించండి, ఇక్కడ వద్దు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ప్రేక్షకులు సర్దుకుంటారు, మాట వినపడకపోతే లేచి వెళ్ళిపోతారు.

మూడు దారుల్లో ఏది పట్టినా తప్పనిసరి పనులు రెండున్నాయి. ఒకటి స్టిల్స్. షూటింగ్‌లో ఒక్క మనిషిని ఫోటోలకే కేటాయించండి. పోస్టర్, థంబ్‌నెయిల్, ఫెస్టివల్ పుస్తకం, వార్త, అన్నిటికీ అవే కావాలి, వీడియో నుంచి తీసిన ఫ్రేమ్ సరిపోదు. రెండోది సంగీతం హక్కులు. ఫెస్టివల్ వరకే అంటూ చవగ్గా పాట తీసుకుని, తర్వాత నెట్‌లో పెట్టలేక ఆగిపోయిన సినిమాలున్నాయి. పెట్టినా కాపీరైట్ క్లెయిమ్ పడి యాడ్స్ డబ్బు పాట యజమానికి పోతుంది. మీకు తెలిసిన సంగీతకారుడితో చేయించుకున్నా సరే, అన్ని మాధ్యమాలకీ, అన్ని దేశాలకీ, ఎప్పటికీ అని కాగితం మీద రాయించుకోండి.

వీటన్నిటికీ డబ్బు షూటింగ్‌కి ముందే పక్కన పెట్టాలి. నా లెక్కలో మొత్తం బడ్జెట్‌లో పావు వంతు. అంత పక్కన పెడితే సినిమా పూర్తికాదనిపిస్తే స్క్రిప్టులో రెండు లొకేషన్లు తగ్గించండి.

ఇక ఓటీటీ. పెద్ద ప్లాట్‌ఫామ్‌లు చాలావరకు ఒంటరి డైరెక్టర్ దగ్గర నేరుగా తీసుకోవు, మధ్యలో అగ్రిగేటర్ ఉంటాడు, అంటే సినిమాల్ని ప్లాట్‌ఫామ్‌లకి చేర్చే మధ్యవర్తి కంపెనీ. 2019లో అమెరికాలో అలాంటి కంపెనీ ఒకటి మూతపడి, చిన్న నిర్మాతలకి రావాల్సిన డబ్బు అందులో చిక్కుకుపోయింది. కాబట్టి ఒప్పందంలో ఎన్నేళ్ళు, ఏ దేశాలు, వాళ్ళకొక్కరికేనా అన్నవి మొదట చూడండి. లెక్కలు ఎన్ని నెలలకోసారి చూపిస్తారో, ఖర్చుల పేరుతో ఎంతవరకు కోత పెట్టొచ్చో రాసి ఉండాలి. కంపెనీ మూతపడితే హక్కులు వెంటనే మీకు తిరిగి రావాలన్న వాక్యం లేకపోతే చేర్చమని అడగండి. హాల్లో సొంత షోలు వేసుకునే హక్కు మాత్రం ఎవరికీ రాసివ్వకండి.