అన్నభేది నాచును మాడుస్తుంది, గడ్డిని మాత్రం మొలిపించదు

ఎరువుల కొట్లో కిలో ప్యాకెట్లలో దొరికే అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్. ఇనుపధాతు లోపంతో పైరు పాలిపోతే రైతులు పిచికారీ చేసేది దీన్నే. వైజాగ్‌లో మామిడి చెట్ల కిందో, అపార్ట్‌మెంట్ ఉత్తరపు గోడ పక్కనో లాన్ వేసుకున్నవాళ్లకు ఇది ఇంకో రకంగా పనికొస్తుంది. వానలు మొదలయ్యాక గడ్డి మధ్య పరుచుకునే నాచును మాడ్చడంలో, ఇంత తక్కువ ఖర్చులో దీనికి సాటి వచ్చే సరుకు లేదు. కొన్నవాళ్లలో సగంమంది దీన్ని తిట్టుకోవడానికి కారణం తప్పు ప్యాకెట్, తప్పు మోతాదు, లేదా నాచు కానిదాని మీద చల్లడం.

ముందు ఆ చివరిది. వేలితో గీకి చూడండి. ముఖమల్ గుడ్డలా పచ్చగా, అడుగున పల్చటి మట్టి అంటుకుని పొరగా లేచి వస్తే అది నాచు. దానికి వేళ్లుండవు, తడిని ఒంటితోనే పీల్చుకుంటుంది. అందుకే పైన పడిన మందు అంత త్వరగా పట్టేస్తుంది. అలా కాకుండా వాన పడ్డప్పుడు నల్లపచ్చని జెల్లీ ముద్దల్లా ఉబ్బి, ఎండకు కాగితం పెచ్చుల్లా ముడుచుకుపోతే అది నాస్టాక్ అనే వేరే జీవి. దాని మీద అన్నభేది నమ్మకంగా పనిచేయదు. నీళ్లు నిలిచే చోటును సరిచేయడమే దానికి మందు.

ప్యాకెట్ విషయం. మంచి అన్నభేది లేత ఆకుపచ్చ పలుకులుగా ఉంటుంది, తడి పంచదారలా వేలికి అంటుతుంది. పసుపు, గోధుమ రంగుకు తిరిగిందంటే గాలి తగిలి పాడైందన్నమాట, తీసుకోవద్దు. మన సముద్రపు గాలికి మూతి విప్పిన ప్యాకెట్ త్వరగా రంగు మారుతుంది. ఇంటికి తెచ్చాక బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పోయాలి. నీలంగా మెరిసేది మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్. పేర్లు కలిపేసుకుని అది ఇచ్చినా పుచ్చుకోకండి. రాగి మట్టిలోనే ఉండిపోతుంది, వానపాములకూ తొట్టిలో చేపలకూ చేటు. ఫెర్రస్ ఈడీటీఏ అని ఖరీదైన ప్యాకెట్ చూపిస్తే, అది పాలిపోయిన ఆకుకు మంచిదే గానీ నాచును మాడ్చే సరుకు కాదు.

లేబుల్ మీద ఇనుము శాతం చదవడం తప్పనిసరి. మామూలు పలుకుల రకంలో 19 శాతం ఉంటుంది. కింద చెప్పే లెక్క దానికే. 30 శాతం ఉన్న పొడి రకమైతే మోతాదులో మూడో వంతు తగ్గించాలి.

100 చదరపు అడుగులకు 50 గ్రాములు, 5 లీటర్ల నీళ్లు. నాచు దట్టంగా ఉంటే 75 గ్రాముల దాకా వెళ్లవచ్చు, అంతకు మించితే గడ్డి కూడా నల్లబడుతుంది. ఈ లెక్కన కిలో ప్యాకెట్ 2,000 చదరపు అడుగులకు సరిపోతుంది. బోరు నీళ్లు వాడితే ఇక్కడే దెబ్బ తగులుతుంది: సున్నం ఎక్కువున్న నీళ్లలో వేయగానే ద్రావణం తుప్పు రంగుకు తిరిగి అడుగున మడ్డి పేరుకుంటుంది. ఆ మడ్డి నాచును ఏమీ చేయదు. కుళాయి నీళ్లో పట్టిపెట్టుకున్న వాన నీళ్లో మేలు. బోరే దిక్కైతే ముందు లీటరుకు గ్రాము చొప్పున నిమ్మ ఉప్పు కరిగించి, ఆ తర్వాత అన్నభేది వేయాలి. కలిపింది ఆ పూటే వాడేయాలి.

బకెట్, పంపు ప్లాస్టిక్‌వే వాడండి, ఇనుము, జింకు రేకు పనికిరావు. పంపు కంటే చిల్లుల మూతి ఉన్న నీళ్ల డబ్బాతో పోస్తేనే నాచు నిండా తడుస్తుంది. చేతికి గ్లవ్స్ ఉండాలి. నాచు తడిగా ఉండి, ఒక రోజంతా వాన రాదనిపించిన సాయంత్రం మంచి అదను. పోసిన గంటకే జల్లు పడితే మందంతా కాలవలోకి పోతుంది. మే ఎండల్లో మిట్టమధ్యాహ్నం మాత్రం పోయొద్దు, గడ్డి కొసలు మాడతాయి. ముందు మూడు రోజులు, తర్వాత మూడు రోజులు గడ్డి కోయకూడదు. ఆరేదాకా పిల్లల్నీ కుక్కల్నీ అటు వెళ్లనివ్వకండి. సున్నంతో, డీఏపీతో కలిపి చల్లితే రెండూ వృథా.

దీని అసలు లోపం మరక. తడి లాన్‌లో తిరిగిన చెప్పులతో వరండా ఎక్కితే ముందు ఏమీ కనబడదు. తెల్లారి చూస్తే మార్బుల్ మీద మడమ, బొటనవేలు ఆనవాళ్లతో సహా పసుపు అడుగులు వరసగా తేలి ఉంటాయి. సిమెంటు బాట, టైల్స్ అంచు, తెల్ల చొక్కా, దేన్నీ వదలదు. చల్లేముందే పక్కనున్న గచ్చును నీళ్లతో తడిపి ఉంచాలి, చుక్క పడితే ఆరకముందే కడిగేయాలి. ఆరిపోతే టైల్స్ మీదైతే ఆక్జాలిక్ యాసిడ్ ద్రావణం కొంత తీస్తుంది. మార్బుల్‌కు అది వాడకూడదు, మెరుపు పోతుంది.

ఫలితం మాత్రం కళ్లముందే కనబడుతుంది. కొన్ని గంటల్లో రంగు తిరగడం మొదలై, ఒకటి రెండు రోజుల్లో నాచు బొగ్గులా నల్లబడుతుంది. ఇనుము అందిన గడ్డి అదే సమయంలో ముదురు పచ్చగా తేలుతుంది. ఈ రెండో లాభం గురించి కొట్లో ఎవరూ చెప్పరు. వారం, పది రోజులాగి రేక్‌తో గీకితే పొర మొత్తం లేచొస్తుంది. గీకకుండా వదిలేస్తే ఆ చచ్చిన పొర కిందే తేమ నిలిచి, మళ్లీ అక్కడే మొలుస్తుంది.

గీకాక బట్టతలలా బయటపడే నేలే అసలు ప్రశ్న. ప్యాకెట్ ఎంత మంచిదైనా ఎండను తేలేదు. నేల గట్టిపడి తడి నిలవకుండా గునపంతో జానెడు దూరానికొకటి, నాలుగంగుళాల లోతున గుంతలు గుచ్చి ఏటి ఇసుక నింపండి. బీచి ఇసుకలో ఉప్పుంటుంది, దాన్ని తేవద్దు. ఏసీ పైపు నీళ్లు లాన్‌లో పడుతుంటే ముందు ఆ పైపు మళ్లించండి, అక్కడ ఎన్నిసార్లు చల్లినా నాచు తిరిగొస్తుంది. సాయంత్రం కాక తెల్లవారుజామున నీళ్లు పెట్టండి. నీడలో గడ్డిని రెండున్నర అంగుళాలకు తక్కువ కాకుండా కోయండి. చెట్ల కింది కొమ్మలు ఎనిమిది, పది అడుగుల ఎత్తుదాకా తీస్తే ఏటవాలు ఎండైనా తగులుతుంది.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకు చెట్లు కూలాక, బాగా ఎండ పడుతోందని బెర్ముడా గడ్డి వేసుకున్న పెరడైతే, ఆ తర్వాత నాటిన కానుగ, వేప ఇప్పుడు గొడుగు పట్టేసి ఉంటాయి. బెర్ముడాకు రోజుకు ఆరు గంటల ఎండైనా కావాలి, అక్కడ అన్నభేది ఏటా కొనాల్సిందే. మూడు, నాలుగు గంటలు తగిలే చోట వెడల్పాటి ఆకుల బఫెలో గ్రాస్ నిలబడుతుంది. అదీ రాని మూలలో నాచును మాడ్చి డబ్బు పోసుకోవద్దు. నీడను తట్టుకునే మోండో గ్రాసో సింగోనియమో నాటి, నడిచే దారిలో రాళ్లు పరిచేయండి.