హేడ్రియన్ గోడ దగ్గర రెండు రోజులు

ఉత్తర ఇంగ్లాండ్‌లో రోమన్లు కట్టిన సరిహద్దు గోడ ఇది. ఒక్క రోజే ఉంటే దాని మీదున్న హౌస్‌స్టెడ్స్ కోటకు వెళ్లండి. అక్కడి నుంచి గోడ పక్కనే పడమరకు కొద్దిసేపు నడిస్తే 37వ మైలు కోట (గోడ పొడవునా మైలుకొకటి చొప్పున కట్టిన చిన్న కోటల్లో ఒకటి) వస్తుంది. దాని ఉత్తర ద్వారం బయట నేల నిటారుగా కిందికి దిగిపోతుంది. బండి కాదు కదా, మనిషి దిగడమే కష్టం. అయినా ప్రతి రోమన్ మైలుకీ ఒక ద్వారం ఉండాలన్న లెక్క ప్రకారం అక్కడా పెట్టేశారు. నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. శత్రువుని ఆపడమే పని అయితే ఇన్ని ద్వారాలు ఎందుకు? రాకపోకలన్నీ రోమన్ల కళ్ల ముందే జరగాలన్నదే అసలు ఉద్దేశమని నాకు అనిపించింది.

రోమన్ చక్రవర్తి ట్రాజన్ గెలిచిన మెసొపొటేమియాను (ఇప్పటి ఇరాక్ ప్రాంతం), ఆయన తర్వాత వచ్చిన హేడ్రియన్ క్రీ.శ. 117లో గద్దెనెక్కగానే వదిలేశాడు. ఉన్నదాన్ని గట్టిగా పట్టుకోవడమే ఆయన పద్ధతి. బ్రిటన్‌లో 122లో మొదలైన ఈ గోడ పొడవు దాదాపు 117 కిలోమీటర్లు. కట్టింది మూడు లీజియన్ల (రోమన్ సైన్యంలోని పెద్ద దళాల) సైనికులు.

హౌస్‌స్టెడ్స్‌లో ఇబ్బంది ఒక్కటే, కారు పార్కింగ్ నుంచి కోట దాకా ఎత్తు ఎక్కాలి. అమ్మానాన్నలతో వెళ్తే చెస్టర్స్ కోట మేలు. నది ఒడ్డున చదునుగా ఉంటుంది, స్నానశాల గోడలు ఇంకా బాగానే నిలిచి ఉన్నాయి.

విండోలాండాకు మాత్రం సగం రోజు ఇవ్వండి. ఇది గోడకన్నా పాత కోట. 1973 నుంచి ఇక్కడి తడి మట్టిలో సిరాతో రాసిన పల్చటి చెక్క ఉత్తరాలు దొరుకుతున్నాయి. వాటిలో ఒకటి, ఒక రోమన్ అధికారి భార్య క్లాడియా సెవెరా తన పుట్టినరోజుకు రమ్మని స్నేహితురాలు లెపిడినాను పిలుస్తూ రాసింది. సరిహద్దు కోటలో కూడా పుట్టినరోజు పిలుపులు! చాలా ఉత్తరాలు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని మాత్రం ఇక్కడే చూడొచ్చు.

బస దగ్గర్లోని హెక్సమ్ అనే ఊళ్లో చేశాం. న్యూకాజిల్ నుంచి రైలు ఉంది, ఊరు ప్రశాంతంగా ఉంటుంది. మా గదిలో రాత్రంతా హీటర్ పనిచేయలేదు, చెబితే ఇంకో రెండు దుప్పట్లు ఇచ్చారంతే. జూన్‌లో కూడా స్వెటర్ తీసుకెళ్లండి. కోటల మధ్య తిరగడానికి ఏడీ122 బస్సు ఎక్కాం. గోడ మొదలుపెట్టిన ఏడాదే దాని నంబరు. బస్సుల మధ్య గ్యాప్ ఎక్కువ, ఒకటి తప్పితే టెన్షనే. టైమింగ్స్ ముందే చూసుకుని, పులిహోర డబ్బా బ్యాగులో పెట్టుకోండి.