ముప్పై ఏళ్లుగా వాడుతున్న గోడ గూళ్లు

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. 1994లో ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. రాతి మిద్దె, మట్టితో కట్టిన రెండడుగుల మందం గోడలు. ఆ మందంలోనే పడసాలలో నాలుగు, వంటింట్లో మూడు గూళ్లు వదిలారు. ఒక్కోటీ అడుగున్నర లోతు, నడుమ నల్ల కడప బండ పెట్టి రెండు అరలు చేశారు.

నాతో వచ్చిన ఇనుప బీరువా అడుగున తుప్పు పట్టి ఎప్పుడో పాత సామాన్లకు పోయింది. ఈ బండలు మాత్రం నిండు జాడీలు మోస్తూ కొంచెం కూడా కుంగలేదు. మే నెల మధ్యాహ్నం కూడా నడిగోడ గూట్లో చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. చింతపండు, నెయ్యి, ఊరగాయలు అన్నీ అక్కడే.

అయితే కడప బండ సున్నపురాయి, పులుపు తగిలితే రాయిని తినేస్తుంది. వచ్చిన కొత్తలో నిమ్మకాయ ఊరగాయ జాడీని కింద గుడ్డ వేయకుండా పెట్టాను. ఊట కారి, జాడీ అడుగు గుండ్రంగా తెల్లగా అచ్చు పడింది. నూనె రాస్తే నాలుగు రోజులు కనపడదు, మళ్లీ తేలుతుంది. ఇప్పటికీ వేలితో తడిమితే అక్కడ గరుకే.

పడమటి గోడ గూడు బట్టలకు పనికిరాదు. వానాకాలం చెమ్మకు నా పెళ్లి చీర మడతల్లో బూజు పట్టింది, ఎంత ఏడ్చానో. ఇప్పుడు అందులో ఇత్తడి సామాన్లే పెడుతున్నా.

మేం చేసిన పెద్ద తప్పు సిమెంటు. మట్టి రాలుతోందని 2009లో ఆ గోడకు బయట సిమెంటు పూయించాం. చెమ్మ బయటికి పోయే దారి లేక గూట్లోకి దిగింది, లోపలి సున్నం పెచ్చులుగా ఊడింది. రెండేళ్లు చూసి అంతా గీకించి, మళ్లీ సున్నమే పూయించాం. దయచేసి మట్టి గోడకు సిమెంటు వద్దు.

రాళ్ల సందుల్లో తేళ్లుంటాయి. చీకట్లో గూట్లో చెయ్యి పెట్టొద్దని మా అత్త మొదటి రోజే చెప్పింది. ఏటా ఉగాదికి ముందు అన్నీ దించి, సందులు మెత్తి, సున్నం కొట్టుకుంటాం. చెక్క తలుపులకు చెదలు ఒకసారే పట్టాయి.

మా అబ్బాయి పక్క స్థలంలో తొమ్మిదంగుళాల గోడలతో ఇల్లు కడుతున్నాడు. అందులో గూడు పెడితే డబ్బా సగం బయటికే ఉంటుంది. వంటింటి నడిగోడ ఒక్కటైనా పద్దెనిమిది అంగుళాలు లేపమన్నాను. ఒప్పుకున్నాడు, పునాది తవ్వుతున్నారు.